లేని అన్నయ్య

డ్రైవరు ఆ నంబరుకి వారం రోజుల్లో నాలుగుసార్లు ఫోను చేశాడు. నాలుగుసార్లూ అటు మోగగానే పెట్టేశాడు. ఇరవై ఆరేళ్ళు ఇరుకు సందుల్లో బస్సు నడిపి, ఎదురుగా ఎంత పెద్ద లారీ వచ్చినా "వాడే తప్పుకుంటాడులే" అనుకున్న మనిషికి, ఒక చీటీ ముక్క మీదున్న అంకెలు చూసి చేతులు చల్లబడ్డాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ చల్లబడ్డాయి.

ఆ చీటీ తెచ్చింది భార్య. ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేస్తుంది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా దుప్పట్లు మడతపెట్టడమే పని. ఆసుపత్రి మెట్ల దగ్గర నోటీసు బోర్డుకి ఎవరో ఒక కాగితం అంటించారు. "తాగుడు మానాలనుకునేవారి కోసం" అని పైన రాసి, కింది అంచుని చీలికలుగా కత్తిరించి, ఒక్కో చీలిక మీదా అదే నంబరు వేశారు. మూడు నెలలైనా ఆ కాగితం నుంచి ఒక్క చీలికా పోలేదు. ఇంత పెద్ద ఊళ్ళో తాగేవాడు తన మొగుడొక్కడేనా అని ఆవిడకి ఆశ్చర్యం వేసింది. చుట్టూ చూసి, ఒకటి చించి, గుప్పిట్లో పెట్టుకుని తెచ్చింది.

"ఇదే ఆఖరు," అంది చీటీని టేబుల్ మీద పెట్టి. "వెళితే వెళ్ళండి. లేదంటే నేను మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను. నావల్ల కావట్లేదు."

అరిచి ఉంటే బాగుండేది. అరుపులకి బదులు చెప్పడం అతనికి బాగా వచ్చు. తనూ అరవచ్చు, తలుపు ధడేలుమని వెయ్యచ్చు, ఆ వంకతో బయటికి పోయి ఇంకో గ్లాసు పోసుకోవచ్చు. ఇలా నీరసంగా, రేపు నీళ్ళు రావట అన్నట్టు చెబితే ఏం చెయ్యాలి? "సరే," అన్నాడు.

నిజానికి అతను ఇప్పుడు డ్రైవరు కూడా కాదు. డిపోలో పొద్దున్నే స్టీరింగు ముట్టుకునే ముందు ప్రతివాడూ ఒక గొట్టంలో ఊదాలి. రెండు నెలల కిందట అతను ఊదితే ఎర్ర లైటు వెలిగింది. "నిన్నటిది సార్, ఇవాళ్టిది కాదు," అన్నాడు, అదేదో పెద్ద గొప్ప అన్నట్టు. "నిన్నటిది ఇవాళ్టికి కూడా మిగిలిందంటే ఎంత పట్టించావో చూసుకో," అన్నాడు ఇన్‌ఛార్జి. బస్సు తాళాలు తీసుకుని, ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఎవరిదో ఒక పళ్ళ సెట్టు. పళ్ళు మర్చిపోయి దిగినవాడికి అన్నం తినేటప్పుడైనా గుర్తు రాలేదా అని అతను రోజూ అనుకునేవాడు. వచ్చి అడిగేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం మూడింటికి పని అయిపోయేది. అక్కణ్ణుంచి ఇంటికి ఇరవై నిమిషాల నడక, అతనికి నాలుగైదు గంటలు పట్టేది.

భార్య ఇన్నేళ్ళూ తనతో ఎందుకుందో అతనికి తెలుసు. చెల్లెలు ఫోను చేసి "వచ్చెయ్యవే అక్కా" అన్నప్పుడల్లా ఆవిడ ఒకటే మాట అనేది. "తాగినప్పుడు ఆయనకి ఒళ్ళు తెలీదే. నేనేం పడుతున్నానో కూడా తెలీదు. తెలిసి ఏడిపించే మనిషైతే ఎప్పుడో వచ్చేసేదాన్ని." పక్కగదిలో ముసుగుతన్ని పడుకుని అతను ఆ మాట చాలాసార్లు విన్నాడు. పంతొమ్మిదేళ్ళ కాపురం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఐదోసారి ఫోను పెట్టెయ్యలేదు. అటువైపు గొంతు దేన్నో నములుతూ, "తాగేది మీరా, మీవాళ్ళా?" అని అడిగింది.

అలా మొహం మీద అడిగేస్తారని అతను అనుకోలేదు. తాగేవాడి నోటికి అబద్ధం చెప్పమని మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు, అదే వచ్చేస్తుంది. "మావాళ్ళండీ. మా అన్నయ్య," అన్నాడు. వాళ్ళమ్మకి అతనొక్కడే సంతానం, అదీ లేక లేక.

"అయితే మీరు కింది గదికి రావాలి. మంగళవారం ఆరింటికి. కుట్టు మిషన్లు నేర్పే చోటు, కింది గది ఇంటివాళ్ళకి, పైగది తాగేవాళ్ళకి. పొరపాటున పైకెళ్ళేరు."

మంగళవారం అతను పైకే వెళదామనుకున్నాడు. ఇది మాత్రం అతని తరఫున చెప్పాలి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఆ రోజు చుక్క ముట్టుకోలేదు, సమయానికే వచ్చాడు. తీరా చూస్తే మెట్ల మీద నలుగురు మగాళ్ళు నిలబడి పొగ తాగుతూ పగలబడి నవ్వుతున్నారు. వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని పైకెక్కడమంటే నడిబజార్లో చొక్కా విప్పడమే అనిపించింది. ఈ పక్క కింది గది తలుపు తీసే ఉంది. గుమ్మంలో నెరిసిన జుట్టుతో, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. "రా బాబూ, కుర్చీ ఖాళీగానే ఉంది," అంది.

వెళ్ళమన్నది మీటింగుకి. ఇదీ మీటింగే కదా, అనుకుని అతను లోపలికి వెళ్ళాడు.

గదిలో కుట్టు మిషన్లన్నీ గోడలకి నెట్టేసి, మధ్యలో ఎనిమిది కుర్చీలు గుండ్రంగా వేశారు. ఆ గదిలో పేర్లు చెప్పుకోరు. గుమ్మంలో కనిపించినావిడ ఎన్నో ఏళ్ళు ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసి మానేసింది, అందరూ పెద్దమ్మ అంటారు. కొడుకు తాగుతాడని వచ్చే లెక్కల మాస్టారు ఒకాయన, మొగుడు తాగుతాడని వచ్చే కళ్ళజోళ్ళ షాపావిడ, ఇంకో ముగ్గురు. పైగదిలో కుర్చీలు జరిపిన చప్పుడు, ఆ వెనకే గొల్లున నవ్వులు. కింద ఎవరి ముఖాల్లోనూ నెత్తుటి చుక్క లేదు. తాగినవాళ్ళు పైన నవ్వుతుంటే, తాగనివాళ్ళు కింద తలలు పట్టుకుని కూర్చున్నారు. ఇదేం న్యాయమో అతనికి అర్థం కాలేదు.

"మీ ఇంట్లో ఎవరు బాబూ?" అంది పెద్దమ్మ.

"మా అన్నయ్యండీ," అన్నాడు మళ్ళీ. రెండోసారి చెప్పేసరికి ఆ అన్నయ్యకి కాళ్ళూ చేతులూ వచ్చేశాయి.

ఇంటికెళ్ళాక భార్య ఏమీ అడగలేదు. అడిగితే ఎక్కడ చెడిపోతుందో అని భయం. అతనే, "వెళ్ళొచ్చాను. మంచివాళ్ళు," అన్నాడు. అబద్ధం కాదు కదా. ఆవిడ పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది.

మంగళవారాలు అలా అలవాటైపోయాయి. ఆ ఒక్క రోజు తాగకుండా ఉండేవాడు. వాసనేస్తే ఆ గదిలో క్షణాల్లో పట్టేస్తారు, అందరూ ముక్కు ఆరితేరినవాళ్ళే. మిగతా ఆరు రోజులూ మామూలే, కాకపోతే కొంచెం తక్కువ. కొంచెం తక్కువ అన్నది కూడా అతని లెక్క.

రెండో వారం కళ్ళజోళ్ళావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మొగుడు ఇంట్లోనే ఎక్కడో దాస్తున్నాడట, ఇల్లంతా గాలించినా దొరకడం లేదట. డ్రైవరు నోరు మూసుకుని కూర్చోవచ్చు. కానీ బస్సు ఏ గేర్లో ఇరుక్కుందో చప్పుడు విని చెప్పగలిగినవాడు ఊరుకోలేడు కదా. "ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూశారా?" అన్నాడు.

"లేదన్నగారూ."

"చూడండి. పిండి డబ్బా అడుగున చూడండి. వానాకాలం బూట్లుంటే ఎడం కాలి దాంట్లో. వాషింగ్ మిషను వెనక గొట్టం పక్కన కాస్త చోటుంటుంది, అక్కడ కూడా." అందరూ అతని వంకే చూస్తున్నారని అప్పుడు తెలిసి నాలిక్కరుచుకున్నాడు. "మా అన్నయ్య దాస్తాడండీ," అన్నాడు.

"ఎంత వెతికావో పాపం," అంది పెద్దమ్మ.

ఆ రోజు ఇంటికి వెళ్ళగానే అతను చేసిన మొదటి పని, తన ఫ్లష్ ట్యాంకులోది తీసి వేరే చోటికి మార్చడం. రహస్యం నలుగురికీ తెలిసిపోయింది మరి.

తర్వాతి వారం కళ్ళజోళ్ళావిడ కళ్ళ కింద నల్లగా చారలు పడి వచ్చింది. "నాలుగు దొరికాయన్నగారూ, మీరు చెప్పిన చోట్లే. పారబోశాను. ఇప్పుడు వెతకడం ఆపలేకపోతున్నా. పిండి కలపబోతే డబ్బా అడుగుదాకా చెయ్యి పెడుతున్నా. షాపులో కూడా, కళ్ళజోడు కొనడానికొచ్చినాయన సంచీ కేసే చూస్తున్నా. ఇదో జబ్బైపోయింది," అంది. మొగుడు తాగుడు మానలేదు, చోటు మార్చాడంతే. డ్రైవరు తల దించుకుని, తన బూట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. చేసింది మేలో కీడో తేల్చుకోలేకపోయాడు.

అదే రోజు పెద్దమ్మ అంది, "బాబూ, మీ అన్నయ్య ఏం చేస్తాడో చెప్పావు. నీ సంగతి చెప్పలేదు. నువ్వెలా ఉంటావు ఇంట్లో?"

తన సంగతి చెప్పడానికి ఏముంది? లేని అన్నయ్యకి తమ్ముడి బాధలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందరూ ఎదురుచూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, తను చూసినవే చెప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఐదు నుంచి దీపం వెయ్యకుండా కిటికీ దగ్గర కూర్చుంటానన్నాడు. గేటు గడియ ఒక్కసారికే పడితే తక్కువ తాగొచ్చినట్టు, రెండుమూడు సార్లు గీరుకుంటే ఎక్కువని, గేటు వెయ్యకుండానే వచ్చేస్తే ఇక ఆ రాత్రంతా అంతేనని చెప్పాడు. పొద్దున్నే డిపోకి ఫోను చేసి జ్వరమని చెబుతానన్నాడు. ఇన్నేళ్ళలో అన్ని జబ్బులూ అయిపోయాయని, మలేరియా రెండుసార్లు వచ్చిందని చెబితే మాస్టారు చిన్నగా నవ్వాడు. ఆ తర్వాత ఇంకోటి చెప్పాడు. "పడిపోయాక పక్కకి తిప్పి, వీపుకి దిండు ఆనిస్తానండీ, వెల్లకిలా పడితే కక్కు గొంతుకడ్డం పడుతుందని. ఆ తర్వాత మధ్యమధ్యలో లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, ఊపిరి ఆడుతోందా లేదా అని. ఆడుతూనే ఉంటుంది. అయినా ఇంకోసారి లేచి చూస్తాను."

ఆ వేలు ఎవరిదో, ముక్కు ఎవరిదో ఆ గదిలో అతనొక్కడికే తెలుసు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. కళ్ళజోళ్ళావిడ తన కర్చీఫు ఇచ్చింది. పెద్దమ్మ లేచొచ్చి భుజం మీద చెయ్యేసింది. అతను గుండెల మీంచి బండ దించుకున్నట్టు ఇంటికెళ్ళాడు. కడుపారా ఏడ్చి తేలికపడ్డాడు, అదీ భార్య ఏడవాల్సిన ఏడుపు. ఇంట్లో ఆవిడ మాత్రం ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టి నొప్పెట్టిన మణికట్లని వేణ్ణీళ్ళలో పెట్టుకుని, గిన్నె ముందు కునికిపాట్లు పడుతోంది.

ఏడో మంగళవారం అతను చొక్కా తొడుక్కుంటుంటే ఆవిడ కూడా జుట్టు దువ్వుకుంటోంది.

"ఎక్కడికి?" అన్నాడు.

"మీతోనే. నోటీసు బోర్డు దగ్గర మళ్ళీ చూశాను. ఇంటివాళ్ళకి కూడా ఉందట అదే చోట, కింది గదిలో. మీరు పైకెళ్ళండి, నేను కిందికెళతాను. ఒక్కళ్ళే వెళుతున్నారు పాపం." ఆవిడ మొహంలో ఏళ్ళ తర్వాత కాస్త కళ కనిపించింది.

తలనొప్పన్నాడు. వాన పడేట్టుందన్నాడు. ఇవాళ మీటింగు ఉందో లేదో అన్నాడు. ఆవిడ గొడుగు తీసుకుని తాళం వేసింది. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, "నాకేం మాట్లాడాలో తెలీదు. వింటూ కూర్చుంటాను," అంది. అతను ప్రతి స్టాపులోనూ దిగిపోదామనుకున్నాడు. ఒక్కచోటా దిగలేదు.

మెట్ల మీద ఎప్పటిలాగే నలుగురున్నారు. ఆవిణ్ణి గుమ్మం దాకా దింపి, గబగబా వాళ్ళ మధ్యలోంచి పైకి పోదామని అతని ఆలోచన. రెండు మెట్లు ఎక్కాడు కూడా. వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఏం బాబూ, అటెక్కడికి? మన గది ఇటు. ఈ అమ్మాయి ఎవరు, మీ ఆవిడా? మీ అన్నయ్య ఎలా ఉన్నాడు ఈ వారం?"

అతను మెట్టు మీద ఆగిపోయాడు. భార్య అతని వంక చూసింది. అన్నయ్యేమిటని ఆవిడ కళ్ళు అడిగాయి, ఆ వెంటనే ఏదో అర్థమైనట్టు సద్దుకున్నాయి. అతను నోరు తెరిచేలోపే ఆవిడే జవాబు చెప్పేసింది.

"తగ్గిందండీ. ఈ వారం పర్లేదు."

డిపోకి ఫోను చేసి జ్వరమని చెప్పే గొంతే అది. ఆ గొంతు అతను ఎన్నోసార్లు మంచం మీంచి విన్నాడు, విన్నప్పుడల్లా అమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకున్నాడు. అలా చెప్పేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఇదే చూడటం. పట్టుబడ్డ దొంగ మొహంలా ఉంది. దొంగతనం అతనిది, మొహం ఆవిడది.

పెద్దమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నీ మొగుడు బంగారం తల్లీ. తోడబుట్టినవాడి కోసం ఇంత చేసేవాళ్ళని నేను చూళ్ళేదు. చీకట్లో కిటికీ దగ్గర కూర్చుంటాడట. గేటు చప్పుడుని బట్టి ఎంత తాగాడో చెప్పేస్తాడట. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటాడట."

భార్య వింటోంది. కిటికీ మాటకీ, గేటు మాటకీ ఆవిడ చెయ్యి కదల్లేదు. వేలు అనేసరికి ఆవిడ తన కుడిచేతిని పెద్దమ్మ చేతిలోంచి మెల్లగా వెనక్కి తీసుకుంది. అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి కూడా. చెప్పుకునే సంగతి కాదది.

"అది మీకెలా తెలుసు?" అంది అతనితో.

ఒక అబద్ధం అప్పటికే అతని నాలిక మీదికి వచ్చేసింది. ఇక్కడ ఎవరో చెబితే విన్నాను, అందరిళ్ళలోనూ ఇంతేనట, అంటే సరిపోతుంది. ఆవిడ నమ్మడానికి సిద్ధంగానే ఉంది, నమ్మనివ్వమని మొహంతోనే అడుగుతోంది. నమ్మితే మళ్ళీ చెల్లెలికి అదే మాట చెబుతుంది, ఆయనకి ఒళ్ళు తెలీదే అని. ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది.

"తెలుసు," అన్నాడు. "మెలకువగానే ఉండేవాణ్ణి."

"ఎప్పుడైనా ఒకసారా?"

"చాలాసార్లు."

మెట్ల మీద వాళ్ళు సిగరెట్లు ఆర్పేసి ఒక్కొక్కళ్ళే పైకి వెళ్ళిపోయారు. పెద్దమ్మ ఒకసారి అతన్నీ, ఒకసారి ఆవిణ్ణీ చూసింది.

"నాకు అన్నయ్య లేడండీ," అన్నాడు అతను పెద్దమ్మతో. "తాగేది నేనే. నిన్న కూడా తాగాను. మీకు చెప్పినవన్నీ ఈవిడవి."

పెద్దమ్మ మెడలో వేలాడే కళ్ళజోడు తీసి పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది. భార్య ఆవిడ వంక చూడనే లేదు.

"కళ్ళు తెరవొచ్చుగా," అంది అతనితో. గొంతు పెంచలేదు. "ఒక్కసారి కళ్ళు తెరిచి, బతికే ఉన్నాను, పడుకోవే అనొచ్చుగా. పడుకునేదాన్ని కదా నేను."

కళ్ళు తెరిస్తే మాట్లాడాలి, మాట్లాడితే రేపటి సంగతి వస్తుంది, అందుకని మూసుకునే ఉండేవాడు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. ఇది బయటికి చెప్పే మాటా?

"పైకెళ్ళు," అంది ఆవిడ. పెళ్ళయ్యాక అతన్ని అలా అనడం అదే మొదలు. తర్వాత లోపలికి వెళ్ళి, తలుపు పక్కనున్న కుర్చీలో, ఆరు వారాలుగా అతను కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. గొడుగు ఒళ్ళో పెట్టుకుంది.

అతను పైకెళ్ళాడు. పైగదిలో ఏం జరిగిందో పెద్దగా చెప్పడానికి లేదు. పాతిక మంది ఉన్నారు. వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాడు. బస్సు డ్రైవర్ననీ, ఇప్పుడు కాదనీ, నిన్న తాగాననీ చెప్పాడు. ఆ తర్వాత మాట రాలేదు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ కర్చీఫు ఇవ్వలేదు. "కూర్చో అన్నా, వచ్చే వారం చెబుదువు," అన్నారు. పక్కనున్నాయన టీ గ్లాసు అతని చేతిలో పెట్టాడు. అడుగుదాకా తాగాడు.

గంట తర్వాత కిందికి దిగేసరికి కుట్టు మిషన్లని మళ్ళీ మధ్యకి లాగుతున్నారు. కళ్ళజోళ్ళావిడ అతను పైనుంచి దిగడం చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అతను బయటికొచ్చి గేటు దగ్గర చూశాడు, బస్ స్టాపులో చూశాడు. ఫోను తీసి ఆవిడ నంబరు నొక్కబోతుంటే పెద్దమ్మ తలుపుకి తాళం వేసి వచ్చింది.

"వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది బాబూ. ఇప్పుడే, పది నిమిషాలైంది."

"ఏమన్నా అందాండీ?"

"గదిలో ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు, తనకి ఫోను చెయ్యొద్దని నీకు చెప్పమంది. వచ్చే మంగళవారం వస్తానంది, నువ్వొచ్చినా రాకపోయినా."

"కోపంగా ఉందా?"

పెద్దమ్మ తాళం చెవి సంచీలో వేసుకుంది.

"లేదు బాబూ," అంది. "నిద్రొస్తోందంది."